చింతగింజ నుండి పూసల చట్రము వరకు
(కృష్ణాతీరమున పిల్లల లెక్కల చదువు)

కృష్ణా డెల్టా గ్రామములలో వేసవి మధ్యాహ్నపువేళ వసారాలో ఇద్దరు బాలికలు వామనగుంటల పీటకు ఇరుప్రక్కల కూర్చుండి ఆడుకొనుట ఒకప్పుడు ప్రతి వీధిలోను కానవచ్చెడి దృశ్యము. పీటలో రెండు వరుసలు. వరుసకు ఏడు చొప్పున మొత్తము పదునాలుగు గుంటలు. గుంటలలో చింతగింజలు. ఒక గుంటలోని గింజలన్నింటిని చేతిలోనికి తీసికొని, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా విడుచుచు పోవలయును. ఆ పంపకము ఏ గుంటకడ ముగియునో చేయి కదలకముందే మనసున లెక్కించుకొన్న బాలిక గెలుచును. అట్టి బాలికలలో పెక్కుమంది పలక పట్టినవారు కారు. బడి గడప త్రొక్కినవారు కారు. ఐనను కూడికయు, తీసివేతయు, పంపకమును వారి వ్రేళ్లకు తెలియును. ఆ పీటను గణితసాధనమని ఎవరును పిలువలేదు. కాని చైనా వర్తకుని పూసల చట్రమునకును, నేడు అబాకస్ అను పేర పిల్లలకు నేర్పబడుచున్న సాధనమునకును దానితో దగ్గరి చుట్టరికము కలదు.

లెక్క రెండు చోట్ల నివసించును. ఒకటి చేతిలో, గింజ, గవ్వ, పూస, కుంచము దాని రూపములు. రెండవది కాగితముమీద, అంకె, ఎక్కము, పద్దు, వడ్డీ దాని రూపములు. చేతిలోని లెక్క తెలిసినవానికి కాగితపు లెక్క తెలియకున్నచో మోసపోవును. కాగితపు లెక్క వల్లించినవానికి చేతిలోని లెక్క తెలియకున్నచో ఆ చదువు అక్కరకు రాదు. కృష్ణాతీరమున పిల్లల లెక్కల చదువు చరిత్ర యంతయు ఈ రెంటి నడుమ దూరమును గూర్చిన చరిత్రయే. ఆ దూరమును దాటించుటకు ఏర్పడిన చిన్న వంతెనలలో పూసల చట్రము ఒకటి.

ధూళినుండి పుట్టిన పేరు

అబాకస్ అను మాట లాటిను భాషలోనిది. దానికి మూలము గ్రీకు భాషలోని అబాక్స్ అను పదము. ధూళి అను అర్థముగల హీబ్రూ పదమునుండి అది వచ్చియుండునని కొందరు భాషావేత్తల అభిప్రాయము. పలకపై సన్నని మట్టి పరచి, దానిపై వ్రేలితో గుర్తులు గీసి లెక్కించుట పూర్వపు పద్ధతి యగుటచే ఆ పేరు వచ్చెనని వారు చెప్పుదురు. భారతదేశపు గణితవేత్తలు సైతము అంకెలతో చేయు గణనమును ధూళీకర్మమనియు, పలకపై చేయుదురు గనుక పాటీగణితమనియు వ్యవహరించిరి. ఆంధ్రదేశపు పిల్లవాడు ఇసుకలో దిద్దిన గుంట ఓనమాలు ఆ ప్రాచీన సంప్రదాయములోనివే.

పూసల చట్రము చైనాలో సువాన్‌పాన్ అనియు, జపానులో సొరోబాన్ అనియు, రష్యాలో ష్చోతీ అనియు వెలసినది. ఇండియాలో అట్టి చట్రము వర్తకులలో గాని, బడులలో గాని ఏల ప్రబలలేదు? కారణము సులభముగా ఊహింపవచ్చును. రోమనుల అంకెలు లెక్కించుటకు అనువైనవి కావు. ఫలితమును వ్రాసికొనుటకు మాత్రమే పనికివచ్చును. కనుక వారికి లెక్కించుటకు రాళ్లు, పూసలు కావలసివచ్చెను. ఇండియాలో తొమ్మిది అంకెలును, సున్నయు, స్థానమునుబట్టి విలువ మారు పద్ధతియు ఏర్పడినవి. సున్నతో చేయవలసిన గణితమునకు బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున నియమములు చెప్పెను. ఈ పద్ధతి గలవానికి గుప్పెడు ఇసుకయు, ఒక వ్రేలును చాలును. పూసల చట్రమున ఖాళీగా నున్న తీగ ఏ పని చేయునో, ఇసుకలో గీచిన సున్న ఆ పనియే చేయును. అందుచే ఈ రెండును వేర్వేరు సాధనములైనను వానిలోని తెలివి ఒక్కటే.

తెలుగు పద్యములలో లెక్క

తెలుగున గణితమును మొదట పద్యములలో పెట్టినవాడు పావులూరి మల్లన. రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మల్లన దానిని తెలుగు చేసెను. అది పావులూరి గణితమను పేర ప్రసిద్ధి కెక్కినది. మూలమును ఉన్నదున్నట్లు తెనిగింపక, కొన్ని ఉదాహరణములను విడిచి, కొన్నింటిని తానుగా చేర్చి, తెలుగువారికి అనువగునట్లు ఆయన దానిని తీర్చెను. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో అది ఒకటి.

చదరంగపు బల్లలోని 64 గడులలో మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము గింజలెన్ని యగునో తెలుపు పద్యము ఆయన పేర ప్రచారములో నున్నది. ఆ మొత్తము 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్యను పదముల సంకేతములతో ఒక్క పద్యమున ఇమిడ్చిరి. ధాన్యము పండు సీమలో గింజతోనే ఇంత దూరము పోవచ్చునని పిల్లవానికి చూపుటకు ఇంతకంటె మంచి లెక్క అరుదు.

వీధిబడి

మద్రాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన రాజధానిలోని జిల్లాలన్నింటియందు బడుల లెక్కలు తీయుడని కలెక్టర్లకు ఉత్తరువు లంపెను. వచ్చిన వివరములనుబట్టి ఆయన 1826 మార్చిలో తన అభిప్రాయము వ్రాసెను. అప్పటికి రాజధానిలో 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. తెలుగుసీమనుగూర్చి మిక్కిలి వివరముగా వ్రాసినవాడు బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్. 1823 ఆగస్టు నెలలో ఆయన పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులును, 6,641 మంది పిల్లలును కలరని చెప్పెను. తెలుగు, కన్నడ భాషలు రెండును నడచిన జిల్లా యది. ఆయన వర్ణించిన బడి తీరు కృష్ణాతీరపు వీధిబడులను ఎరిగిన పెద్దలకు క్రొత్తది కాదు.

పిల్లవానికి అయిదవ యేట వినాయకపూజ చేసి బడిలో వేయుదురు. మొదట ఇసుకలో వ్రేలితో దిద్దించెదరు. చేయి తిరిగిన పిమ్మట బలపముతో నల్లని పలకపైనను, గంజియు బొగ్గును పట్టించిన కడితముపైనను వ్రాయించెదరు. పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పును. పంతులుగారు అందరిని కనిపెట్టియుండును. ఉదయము మొదట బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని అరచేతిలో సున్న చుట్టుదురు. అతడు పొగడ్తకును తగడు, తిట్టునకును తగడు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపైన వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ హెచ్చు. సున్న తరువాత ఒకటి, ఒకటి తరువాత రెండు అను వరుసను ఆ పిల్లలు అరచేతితోనే నేర్చిరన్నమాట. ఆ పాఠమును మరచినవారు అరుదు. మెచ్చినవారు అంతకంటె అరుదు.

లెక్కలలో మొదటి మెట్టు ఒంట్లు. అనగా ఒకటినుండి నూరువరకు సంఖ్యలు. పిదప ఎక్కములు. ఆపైన కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగాహారము, తుదకు వడ్డీలెక్కలు. ఎక్కములను పిల్లలందరును ఒక్క గొంతుతో సాయంకాలము వల్లించుచుండ వీధి వీధియంతయు మారుమ్రోగెడిది. వానిలో పాలభాగముల యెక్కములు కష్టమైనవి. తెలుగువారు ఒకటిని నాలుగేసి భాగములుగా విడగొట్టుచు పోయిరి. నాలుగింట ఒక భాగము పావు. పావులో నాలుగవ భాగము వీసము, అనగా పదునారవ వంతు. వీసములో నాలుగవ భాగము కాని, అనగా అరువది నాలుగవ వంతు. రెండు వీసములు ఒక పరక. రెండు కానులు ఒక అరవీసము. ఈ భాగములకు అంకెలు సైతము ప్రత్యేకముగా ఉండెను. రూపాయిలో 16 అణాలు, అణాలో నాలుగు కానులు ఉన్నంతకాలము ఈ యెక్కములు అంగడిలో అడుగడుగునకు అక్కరకు వచ్చెను.

ఈ చదువులో గొప్ప గుణము ఒకటియు, గొప్ప లోపములు రెండును కలవు. ఇసుక, ఆకు, బలపము తప్ప ఖర్చు లేకుండుటయు, పిల్లవాడే పిల్లవానికి గురువగుటయు దాని గుణము. కాంబెల్ దొర కూడ దీనిని మెచ్చుకొనెను. మొదటి లోపము, అర్థము తెలియక వల్లించుట. పిల్లలు పద్యములను అర్థమెరుగక కంఠస్థము చేయుచున్నారని ఆ కలెక్టరే వ్రాసెను. ఎక్కముల విషయమునను అదియే జరిగెను. పదునారు పదునారులు 256 అని తడుముకొనక చెప్పిన పిల్లవాడు, పదునారు బుట్టలలో పదునారేసి మామిడికాయలు పోసిన మొత్తమెంత అని అడిగినచో నోరు తెరచుట అరుదు కాదు. రెండవ లోపము ఇంకను పెద్దది. ఆ అరుగుమీద బాలికలకు చోటు మిక్కిలి తక్కువ. అస్పృశ్యులని వెలివేయబడినవారి బిడ్డలకు అసలే లేదు. లెక్కతో నిత్యము పనిచేయు చేతులకు లెక్క వ్రాయు హక్కు లేకపోయెను.

ఇసుక సీమకు పోయెను, పూస ఇటకు వచ్చెను

వీధిబడి పద్ధతి సముద్రము దాటిన కథ విచిత్రమైనది. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789నుండి మద్రాసులో సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడుగా నుండెను. ఇచటి పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట చూచి, తన ఆశ్రమమున అదే పద్ధతిని ప్రవేశపెట్టి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించెను. స్వదేశమునకు పోయి 1797లో ఈ ప్రయోగమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేర అది ఇంగ్లండున పేదపిల్లల బడులలో వ్యాపించెను. జోసెఫ్ లాంకాస్టర్ అనునాతడు లండనులో నడపిన బడులలోను పిల్లలు ఇసుకపళ్లెములలో దిద్దుచుండిరి.

ఇసుక అటు పోయినట్లే, పూసల చట్రము రష్యానుండి ఐరోపా పడమటి దేశములకు చేరెను. 1812లో నెపోలియన్ సైన్యముతో రష్యాపై దండెత్తి బందీగా చిక్కిన పొన్‌స్లే అను ఫ్రెంచి గణితవేత్త, అచటి వర్తకుల పూసల చట్రమును చూచి, స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట దానిని పిల్లలకు లెక్క నేర్పు సాధనముగా ప్రచారము చేసెనని ప్రతీతి. ఇంగ్లండున 1820వ దశకమున శిశుపాఠశాలలు నెలకొల్పిన సామ్యూల్ వైల్డర్‌స్పిన్ పూసల చట్రమును తరగతిగదిలో నిలిపెను. ఇంగ్లీషు పద్ధతిని వెలసిన ప్రాథమిక పాఠశాలలతోపాటు ఆ చట్రము ఈ దేశమునకును చేరెను.

బడిలోని పూసల చట్రమున సాధారణముగ పది తీగలు, తీగకు పది పూసలు, మొత్తము నూరు. చిన్నవానికి మొదట ఒక్క తీగ చాలును. పూసను ఎడమనుండి కుడికి జరుపుచు ఒకటి, రెండు అని చెప్పించవలయును. జరుపకుండ చెప్పరాదు, చెప్పకుండ జరుపరాదు. చేయియు నోరును కలియుట ఇచటనే. ఎనిమిదికి అయిదు కూడవలసినప్పుడు పిల్లవాడు ఎనిమిది పూసలు జరిపి, ఇంకొక రెండు జరుపగానే తీగ నిండును. అయిదులో రెండు పోగా మూడు మిగిలినవని అతనికి కన్నులయెదుట కనిపించును. నిండిన తీగకు బదులుగా పై తీగమీద ఒక్క పూస జరిపి, క్రింది తీగపై మూడు పూసలుంచినచో పదమూడు అయ్యెను. పది పోయి ఒకటి యగుట, ఆ ఒకటి పది విలువ చేయుట: స్థానవిలువ యను కఠినమైన పాఠమంతయు ఆ ఒక్క పూసలో ఉన్నది. తీసివేతలో అప్పు తెచ్చుట యనునది దీనికి ఎదురునడకయే. ఈ సంగతి చేతితో తెలిసికొన్న పిల్లవాడు పలకపై అంకె ప్రక్కన అంకె వ్రాయునప్పుడు తడబడడు.

తూర్పు దేశముల చట్రములు ఇంకొక తీరువి. అడ్డుబద్ద చట్రమును రెండు భాగములు చేయును. చైనావారి ప్రాతచట్రమున ప్రతి కమ్మికి పైన రెండు, క్రింద అయిదు పూసలు. నేటి జపాను చట్రమున పైన ఒకటి, క్రింద నాలుగు. పైపూస అయిదింటికి సమానము. క్రిందిపూస ఒకటికి సమానము. ఇది లెక్కించుట నేర్చుకొనుటకంటె వేగముగా లెక్క చేయుటకు పుట్టినది. 1946 నవంబరులో టోకియో నగరమున జపాను ఉద్యోగి యొకడు సొరోబాన్‌తోను, అమెరికా సైనికుడొకడు విద్యుత్తుతో నడచు లెక్కలయంత్రముతోను పోటీపడిరి. అయిదు పోటీలలో నాలుగు సొరోబాన్ గెలిచెను. హెచ్చవేతలో మాత్రము యంత్రము గెలిచెను.

కళ్లములోని లెక్క

విజయవాడకడ కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట కాలువల క్రింద వరిసాగు విస్తరించెను. ధాన్యము హెచ్చినకొలది కొలతయు హెచ్చెను. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. ఇరువది తూములు ఒక పుట్టి. కళ్లములో ధాన్యము కొలుచునాడు మొదటి కొలతను ఒకటి అనడు, లాభము అనును. ఆపైన రెండు, మూడు అని సాగును. కొలత తప్పిపోకుండ గింజలతోనో గడ్డిపరకలతోనో గుర్తులు పెట్టుదురు. ఈ గుర్తుల పోగు కూడ ఒక పూసల చట్రమే.

ఇట్లు కొలిచిన చేతులు ఎవరివి? పెక్కుచోట్ల పాలేరులవి, కూలీలవి. పుట్లకొలది ధాన్యము తప్పక కొలిచిన ఆ మనుష్యునికి తన కూలికి రావలసిన కుంచములు వ్రేళ్లమీద తెలియును. కాని కరువునాడు తెచ్చుకొన్న అప్పునకు ప్రోనోటుపై అంకె ఎంత వేసిరో తెలియదు. పదింటి ప్రక్కన ఇంకొక సున్న చేరినచో అప్పు పదిరెట్లు అగును. సున్న ఎరుగనివాడు దానిక్రింద వేలిముద్ర వేయును. చేతిలోని లెక్కకును కాగితపు లెక్కకును నడుమ నున్న దూరము ఎంత ధర పలికెనో ఆ వేలిముద్రలకు తెలియును.

ఈ దూరమును తగ్గించుటకు పూనుకొన్నవానిలో గ్రంథాలయోద్యమము ముఖ్యమైనది. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసెను. 1914 ఏప్రిల్ నెలలో ఆ పట్టణముననే చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమమునకు ప్రాణముగా నిలిచిరి. పాతూరి నాగభూషణము గారు 1935లో పెదపాలెము కేంద్రముగా కాలువలపై పడవ గ్రంథాలయములు నడపిరి. ధాన్యము పోవు కాలువపైననే పుస్తకమును పోయెను. పెక్కు గ్రంథాలయములు రాత్రిబడులను నడపెను. పగలు కుంచము పట్టిన చేతితో రాత్రి బలపము పట్టినవానికి అక్షరమెంత అవసరమో అంకెయు అంత అవసరమై యుండెను.

విజయవాడలో పూసలు, అంగడిలో నయాపైసలు

ఇటలీ దేశీయురాలగు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. పిల్లవాని బుద్ధికి చేయియే ద్వారమని ఆమె సిద్ధాంతము. లెక్కలకై ఆమె కూర్చిన పూసలు ప్రసిద్ధములు. ఒక పూస ఒకటి. పది పూసలు గ్రుచ్చిన కడ్డీ పది. పది కడ్డీలు కూర్చిన చదరము నూరు. పది చదరములు పేర్చిన ఘనము వెయ్యి. వెయ్యి యనగా ఎంతయో పిల్లవాడు రెండు చేతులతో ఎత్తి చూచును. ఒకటికిని వెయ్యికిని నడుమ నున్న భేదము బరువుగా చేతికి తెలియును.

విజయవాడలో ఆమె పేర 1955లో పిల్లల బడి నెలకొల్పినవారు శ్రీమతి వి. కోటేశ్వరమ్మ గారు. కృష్ణాజిల్లా గ్రామమున పుట్టి, బాలికల చదువునకు జీవితము ధారపోసిన ఆమెకు 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మిచ్చెను. 2019లో ఆమె దివంగతురాలయ్యెను. ఆ చిన్నబడి తరువాత మహిళాకళాశాలవరకు పెరిగెను. వామనగుంటల పీటతోనే తృప్తిపడవలసిన బాలికకు కళాశాల తలుపు తెరచుకొనుట ఈ చరిత్రలో చిన్న సంగతి కాదు.

రెండేండ్లకు, 1957 ఏప్రిల్ 1వ తేదీన, దేశమున దశాంశ నాణెములు వచ్చెను. రూపాయికి 64 కానులు పోయి నూరు నయాపైసలు అయ్యెను. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలు అని పట్టికలు వ్రేలాడదీసిరి. అణా సరిగా ఆరుంబావు నయాపైసలగుటచే దుకాణములకడ కొంతకాలము వాదములు తప్పలేదు. 1958 అక్టోబరునుండి క్రమముగా కిలోగ్రాములు, ఆపైన లీటర్లు వచ్చెను. వీసము, పరక, కాని అను ఎక్కములు కంఠస్థము చేసిన తాతగారు మనుమని ముందు ఒక్కసారిగా నిరక్షరాస్యుడైనట్లు బిడియపడెను. ఆ మనుమనికి మాత్రము బడిలోని పూసల చట్రమే అంగడి లెక్కగా మారెను. పది తీగలు, తీగకు పది పూసలు, మొత్తము నూరు: అది రూపాయి. పరదేశపు వస్తువుగా వచ్చిన చట్రము ఆనాటితో ఊరి నాణెమునకు సరిపోలెను.

ఈ మార్పులో లాభముతోపాటు నష్టమును కలదు. నాలుగేసి భాగములుగా విడగొట్టు ఎక్కములలో భిన్నముల జ్ఞానము దాగియుండెను. పావులో పావు వీసమని నోటికి వచ్చిన పిల్లవానికి భిన్నములను హెచ్చవేయుట క్రొత్త విద్య కాదు. ఆ ఎక్కములు పోగా భిన్నములు పుస్తకములోని భయంకరమైన అధ్యాయముగా మిగిలెను.

నేటి అబాకస్ తరగతులు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీ కేంద్రములు వెలసెను. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము క్రింద ప్రాథమిక పాఠశాలలకు గణిత సామగ్రి పెట్టెలు ఇచ్చుటకు పూనుకొనిరి. ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమునుండి విజయవాడ వంటి పట్టణములలో జపాను తరహా అబాకస్ తరగతులు వీధివీధిని వెలసినవి. పిల్లలు మొదట పూసలు జరిపి, పిదప చట్రము లేకుండ గాలిలో వ్రేళ్లాడించుచు, మనసున చట్రమును ఊహించుకొని పెద్ద పెద్ద కూడికలు చేయుదురు. చూచుటకు ఆశ్చర్యముగా నుండును. తల్లిదండ్రులు రుసుము చెల్లించి పంపుచున్నారు. పల్లెలోని కూలివాని బిడ్డకు ఆ తరగతి అందదు.

దానివలన పిల్లల బుద్ధి పెరుగునా? ఈ ప్రశ్నకు 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధన కొంత జవాబిచ్చుచున్నది. అమెరికా పరిశోధకులు గుజరాతులోని వడోదర నగరమున కొందరు పిల్లలకు మూడేండ్లపాటు అబాకస్ పద్ధతియు, మరికొందరికి మామూలు అదనపు లెక్కలును నేర్పి పోల్చి చూచిరి. అబాకస్ నేర్చినవారు కూడికలు, తీసివేతలు మొదలగు లెక్కలలో కొంత ముందంజ వేసిరి. కాని జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి సాధారణ శక్తులలో చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. అనగా అబాకస్ లెక్కకు మంచి సాధనము, మంత్రదండము కాదు.

2025లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన ఈ చరిత్రకు ఇంకను దగ్గరిది. నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలగువారు కలకత్తా, ఢిల్లీ అంగళ్లలో సరకు లమ్ము పిల్లలను పరీక్షించిరి. ఇన్ని బంగాళదుంపలు, ఇంత ఉల్లి, ఇచ్చిన నోటు ఇది, చిల్లర ఎంత అని అడుగగా ఆ పిల్లలు కాగితము లేకుండ సరిగా చెప్పిరి. అవే లెక్కలు బడిపుస్తకము తీరున ఇచ్చినచో పెక్కుమంది చేయలేకపోయిరి. అంగడికి పోని బడిపిల్లలు కాగితముమీది సులభపు లెక్కలు చేసిరి. అంగడి లెక్కలో తడబడిరి. రెండువందల యేండ్లనాడు వీధిబడికిని కళ్లమునకును నడుమ నుండిన అగాధము నేటికిని పూడలేదని ఈ పరిశోధన తెలుపుచున్నది.

గ్రంథాలయము చేయదగిన పని

ఈ అగాధమును పూడ్చుటకు వేలకొలది రూపాయలు అక్కరలేదు. గ్రామ గ్రంథాలయములో పిల్లల మూల ఒకటి యుండుట వాడుకయే. ఆ మూలలో కథల పుస్తకముల ప్రక్కన ఒక పూసల చట్రమును, ఒక వామనగుంటల పీటయు, ఒక డబ్బా చింతగింజలును ఉంచవచ్చును. చట్రము కొననక్కరలేదు, పది తీగలు, నూరు పూసలు, నాలుగు కొయ్యబద్దలు ఉన్నచో ఊరి వడ్రంగి ఒక పూటలో చేయగలడు. సాయంకాలము ఒక గంట పై తరగతి పిల్లవాడు చిన్నవానికి పూసలు జరిపి చూపవలయును. చిన్నవాడు జరిపిన లెక్కను వెంటనే పలకపై వ్రాయవలయును. పూస జరిపిన తరువాత అంకె, అంకె వ్రాసిన తరువాత ఊరిలోని లెక్క: పాలకేంద్రము చీటీ, కూలి పద్దు, విద్యుత్తు బిల్లు. ఈ మూడును ఒకే లెక్క యని తెలిసిననాడు పిల్లవాని చదువు నిలుచును.

ఊరిలోని ముసలివారికి సైతము అందులో పని కలదు. కాని, వీసము, పరక యను మాటలు తెలిసినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారిని పిలిచి ఆ యెక్కములను చెప్పించి, వ్రాసి గ్రంథాలయములో భద్రపరచినచో భిన్నముల పాఠమునకు అది చక్కని సహాయము. గ్రామచరిత్రకు విలువైన పత్రము.

ఇసుకలో దిద్దిన అంకెను గాలి చెరిపివేయును. ప్రోనోటుపై వేసిన అంకెను ఏ గాలియు చెరుపలేదు. గింజలు పంచుచు గెలిచిన బాలికయు, కుంచముతో కొలిచిన పాలేరును ఆ రెండవ అంకెను చదువలేకపోయిరి. వారి మనుమలును, మనుమరాండ్రును నేడు గ్రంథాలయపు మెట్లెక్కుచున్నారు. చేతిలోని పూసయు కాగితముమీది అంకెయు ఒక్కటేయని వారిలో ప్రతి ఒక్కరును తెలిసికొనునట్లు చేయుట ఏ గ్రంథాలయమునకైనను తగిన పని.